కుడి ట్యాంకు వదిలిన పొర: బంకు పెట్రోలుతో ఎగిరిన ఒక రెండు సీట్ల విమానం కథ

గ్యాస్కొలేటర్ గిన్నె విప్పి తెల్లగుడ్డ మీద బోర్లించాను. నీళ్లు లేవు, తుప్పు లేదు. పూతరేకు చినిగితే వచ్చే ముక్కల్లాంటి పలచని పొరలు, లేత గోధుమ రంగువి, ఏడెనిమిది పడ్డాయి. ఒకదాన్ని వేళ్ల మధ్య నలిపితే ముందు జెల్లీలా జారింది. పెట్రోలు ఆరాక జిగురులా వేలికి పట్టుకుంది. ముప్పై ఏళ్లుగా చిన్న విమానాల ఇంజిన్లు విప్పుతున్నాను. ఆ గిన్నెలో ఇసుక చూశాను, కందిరీగలు పెట్టిన మట్టి చూశాను, రబ్బరు పైపు లోపలి తొక్క చూశాను. ఇలాంటిది చూడటం అదే మొదటిసారి.

గ్యాస్కొలేటర్ అంటే తెలియనివాళ్లకు ఒక మాట. రెక్కల్లోని ట్యాంకుల నుంచి ఇంజిన్‌కు వెళ్లే దారిలో అన్నిటికన్నా పల్లంగా ఉండే చిన్న గిన్నె ఇది. నీళ్లు, మురికి బరువుకు కిందికి దిగి అక్కడ ఆగిపోతాయి. ఎగిరే ముందు అడుగున ఉన్న డ్రెయిన్ నొక్కి, గాజు కప్పులో కొంచెం పట్టి చూడటం ప్రతి పైలట్‌కూ అలవాటు.

విమానం యజమాని గోదావరి డెల్టా మనిషి. వ్యాపారం, వ్యవసాయం రెండూ ఉన్నాయి, ఎగరడం మాత్రం ప్రాణం. ఆయన పేరు, విమానం రిజిస్ట్రేషన్, హ్యాంగర్ ఉన్న చోటు ఇక్కడ రాయడం లేదు. మిగతాది జరిగింది జరిగినట్టే రాస్తున్నాను. ఇలాంటి ట్యాంకులున్న విమానాలు మన దగ్గర ఇంకా ఉన్నాయి, వాటిలో ఎక్కేవాళ్లు నాకు తెలిసినవాళ్లే.

విమానం రెండు సీట్లది, ఒళ్లంతా అల్యూమినియం. ఇంజిన్ రోటాక్స్ 912 యూఎల్‌ఎస్, 100 హార్స్ పవర్. ట్యాంకులు రెండు, ఒక్కో రెక్కలో ఒకటి, ఒక్కోటి 40 లీటర్లు. రెక్క లోపల డబ్బాలా విడి ట్యాంకు పెట్టినవి కావు ఇవి. రెక్క ముందు అంచు రేకే ట్యాంకు గోడ. రేకుల అతుకుల మీద, ప్రతి రివెట్ తల మీద సీలెంట్ పూసి, పెట్రోలు బయటికి రాకుండా మూసేస్తారు. అంటే ఇంధనం నిలిచేది అల్యూమినియం బలం మీద కాదు, ఆ సీలెంట్ పట్టు మీద.

ఆ రోజు గాల్లో

మే నెల, ఉదయం తొమ్మిదిన్నర. అప్పటికే ఎండ ముదిరింది. ఆయన కుడి ట్యాంకు పెట్టుకుని టేకాఫ్ అయ్యారు. 1,200 అడుగుల దగ్గర ఫ్యూయల్ ప్రెషర్ 0.3 బార్ నుంచి జారడం మొదలైంది. రోటాక్స్ ఇచ్చిన కనీస హద్దు 0.15. ముల్లు 0.12కి వచ్చింది, ఇంజిన్ రెండుసార్లు తడబడింది. ఆయన కంగారు పడకుండా ఎలక్ట్రిక్ పంపు వేశారు. కొంచెం లేచింది, మళ్లీ పడింది. సెలెక్టర్ ఎడమ ట్యాంకుకు తిప్పారు. నాలుగైదు సెకన్లలో 0.28కి వచ్చి నిలబడింది. వెనక్కి తిరిగి దిగిపోయారు.

డెల్టా మీద ఎగిరేవాళ్లకు ఒక భయం ఎప్పుడూ ఉంటుంది. పైనుంచి చూస్తే అంతా అరచేతిలా చదునే, ఇంజిన్ ఆగితే దిగడానికి మాత్రం చోటుండదు. కోనసీమ వైపు కొబ్బరి తోటలు, భీమవరం వైపు చెరువులు, చెరువుల నిండా ఏరేటర్లు. మేలో దాళ్వా కోతలు అయిపోయి చేలు ఎండి ఉంటాయి నిజమే, కానీ గట్టు గట్టుకూ చక్రం తగులుతుంది, పైన కరెంటు తీగలు. ఏటి లంకల్లో ఇసుక ఒక్కటే కాస్త ఆశ. కారు ఆగితే పక్కకు తీసి ఫోన్ చేస్తాం. అక్కడ అలా కుదరదు. అందుకే ఆయన ఫోన్ చేసి "ఇప్పుడు బాగానే ఉందండి, రేపు ఒకసారి చూద్దురుగాని" అన్నప్పుడు, రేపటిదాకా ఆగడం నాకు ఇష్టం లేక ఆ మధ్యాహ్నమే బయల్దేరాను.

మొదట నేను పొరబడింది

దారి పొడవునా నా బుర్రలో ఉన్న మాట వేపర్ లాక్. ఎండకు పైపుల్లోనే పెట్రోలు ఆవిరై, పంపు ద్రవానికి బదులు బుడగల్ని లాగడమే వేపర్ లాక్. అనుమానానికి కారణం లేకపోలేదు. విమానాల కోసం తయారయ్యే ఎవ్‌గ్యాస్ 100ఎల్‌ఎల్ ఆవిరి పీడనం 38 డిగ్రీల దగ్గర 38 నుంచి 49 కిలోపాస్కల్ మధ్య ఉండాలి. ఆయన పోస్తున్నది బంకు పెట్రోలు, దానికి మన దగ్గర 60 దాకా ఒప్పుకుంటారు. కొద్ది శాతం ఇథనాల్ అనే ఆల్కహాల్ కలిస్తే అది ఇంకా పెరుగుతుంది. ఇథనాల్ ఒక్కటే ఉన్నప్పుడు ఆవిరి పీడనం తక్కువే అయినా, పెట్రోలులో కలిసినప్పుడు మిశ్రమం ఇంకా తేలిగ్గా మరుగుతుంది. మే ఎండ, కౌలింగ్ (ఇంజిన్ మీది మూత) కింద ఇంజిన్ వేడి, ఎక్కేటప్పుడు ఫుల్ త్రాటిల్: అన్నీ సరిపోయాయి.

ఒక్కటి మాత్రం సరిపోలేదు. రెండు ట్యాంకుల్లోనూ ఒకే క్యాన్ల పెట్రోలు. ఎండ అదే, పైపులు అవే, పంపు అదే. ఎడమకు తిప్పగానే ఎందుకు కుదురుకుంది? ఆ ప్రశ్న దగ్గరే గిన్నె విప్పాను.

గిన్నె తర్వాత కుడి ట్యాంకు లోపలి స్ట్రైనర్ బయటికి తీశాం. చిటికెన వేలంత ఇత్తడి జల్లెడ అది. మూడొంతులు మూసుకుపోయింది, జల్లెడ కళ్లకు ఆ పొరలు తడిగుడ్డలా అతుక్కుని ఉన్నాయి. ఎడమది తీస్తే కొత్తదానిలా ఉంది. పంపు మూసుకుపోయిన జల్లెడ గుండా పెట్రోలు లాగాలి, ఆ లాగుడుకు పైపులో పీడనం తగ్గుతుంది, పీడనం తగ్గితే పెట్రోలు ఇంకా సులువుగా మరుగుతుంది. కాబట్టి వేపర్ లాక్ లేకపోలేదు, కానీ దానికి తలుపు తీసింది ఈ పొర.

పెట్రోలులో ఏముంది

"ప్రీమియమే కదండీ, అందులో కలపరనుకున్నాను," అన్నారాయన. ఆయన తప్పేం లేదు, చాలామంది అదే అనుకుంటారు. 912 యూఎల్‌ఎస్‌కు కనీసం 95 ఆక్టేన్ ఉండాలి (ఇంజిన్‌లో పెట్రోలు వేళకు ముందే మండిపోకుండా తట్టుకునే గుణానికి కొలత అది), మన మామూలు పెట్రోలును 91గా అమ్మేవారు. అందుకని బాధ్యతగా 95 ఆక్టేన్ కొన్నారు. కానీ ఆక్టేన్ ఎంత అన్నది ఒక ప్రశ్న, ఇథనాల్ ఉందా అన్నది వేరే ప్రశ్న. నిజానికి ఇథనాల్ సొంత ఆక్టేన్ 100 దాటే ఉంటుంది, అది కలిస్తే ఆక్టేన్ పెరుగుతుందే గానీ తగ్గదు. కాబట్టి ఆక్టేన్ నంబరు పెద్దదైనంత మాత్రాన ఇథనాల్ లేనట్టు కాదు.

పరీక్ష చాలా సులువు, ఎవరైనా చేయొచ్చు. 100 మిల్లీలీటర్ల గాజు కొలజాడీ తీసుకుని 10 గీత దాకా నీళ్లు పోయాలి, 100 దాకా పెట్రోలు నింపాలి, మూతబెట్టి బాగా కుదిపి పది నిమిషాలు వదిలేయాలి. పెట్రోలులో ఇథనాల్ లేకపోతే నీళ్లు మళ్లీ 10 దగ్గరే నిలుస్తాయి. ఉంటే అది పెట్రోలును వదిలి నీళ్లలో కలుస్తుంది, కింది మట్టం పెరుగుతుంది. మాది 27 దగ్గర ఆగింది. 90లో 17, అంటే 19 శాతం. ఆయన జాడీని వెలుతురుకు పట్టుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇందులో వింతేమీ లేదు. దేశమంతటా 10 శాతం కలపడం 2022 జూన్‌కు అందుకున్నాం, 2023 ఫిబ్రవరిలో 20 శాతం పెట్రోలు కొన్ని బంకుల్లో మొదలైంది, 2025కు అదే మామూలు పెట్రోలు అయింది. చెరకుతో పాటు నూకలు, పాడైన ధాన్యం, మొక్కజొన్న కూడా ఇథనాల్ అవుతున్నాయి. మన జిల్లాల రైతుకు అది మంచిదే, నాకు దాని మీద ఏ ఫిర్యాదూ లేదు. కానీ రోటాక్స్ 912కు ఒప్పుకున్న హద్దు 10 శాతం. 20 ఆ హద్దు బయట ఉంది. కార్బురేటర్ పెట్రోలుకు సెట్ చేసి ఉంటుంది, ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉండటం వల్ల మిశ్రమం లీన్ అవుతుంది, అంటే గాలి ఎక్కువై ఇంధనం తక్కువవుతుంది, ఎగ్జాస్ట్ వేడెక్కుతుంది. లీటరులో శక్తి కూడా 6, 7 శాతం తగ్గుతుంది. 4 గంటలు ఎగరగలను అని లెక్క వేసుకున్న పైలట్‌కు అది సుమారు పావుగంట తేడా.

మేమిద్దరం పట్టించుకోని ఒక సూచన నెల ముందే వచ్చింది. కుడి గేజ్ ఎక్కువ చూపిస్తోందని ఆయన చెప్పారు. కర్ర పెట్టి కొలిస్తే 22 లీటర్లు, గేజ్‌లో 30 దాటి. వైరింగ్‌లో లూజ్ కాంటాక్ట్ ఉండొచ్చు, సర్వీసుకు వచ్చినప్పుడు చూద్దామన్నాను. ఆ గేజ్ కెపాసిటెన్స్ రకం, ద్రవం విద్యుత్ గుణాన్ని బట్టి మట్టం చెబుతుంది. ఆ గుణం పెట్రోలుకు సుమారు 2 అయితే, ఇథనాల్‌కు 24 పైన. ఇథనాల్ కలిసిన పెట్రోలును అది ఎక్కువ పెట్రోలు అనుకుంటుంది. ఎడమ గేజ్ ఫ్లోట్ (పెట్రోలు మీద తేలే బెండు) రకం, మధ్యలో మార్చినది, కాబట్టి అది సరిగానే చూపించింది. వైరింగ్ మీదకు నెట్టకుండా ఆ రోజే ఆలోచించి ఉంటే మే నెల దాకా వచ్చేది కాదు. ఈ మాట రాయకుండా దాటేస్తే ఈ కేసుకు అర్థం లేదు.

నీళ్ల సంగతి కూడా చెప్పాలి. డెల్టాలో తేమ ఎక్కువ, ట్యాంకు సగం ఖాళీగా ఉంటే రాత్రి చల్లదనానికి లోపలి గోడల మీద చెమ్మ పడుతుంది. మామూలు పెట్రోలులో ఆ నీళ్లు బొట్లుగా కిందికి దిగి, పొద్దున డ్రెయిన్ కప్పులో కనిపిస్తాయి. ఇథనాల్ ఉంటే దానిలోనే కలిసిపోతాయి. 10 శాతం పెట్రోలు లీటరుకు 5 మిల్లీలీటర్ల దాకా నీళ్లను కంటికి కనపడకుండా దాచుకోగలదు. హద్దు దాటినా, పైకి వెళ్లి చల్లబడినా ఒక్కసారిగా విడిపోతుంది, నీళ్లూ ఇథనాల్ కలిసిన పొర అడుగుకు దిగుతుంది, ట్యాంకు నుంచి పెట్రోలు లాగే పైపు నోరు కూడా అక్కడే ఉంటుంది. ఈ విమానంలో అది జరిగిన గుర్తులు దొరకలేదు. కానీ "రోజూ కప్పులో చూస్తున్నానండి, ఒక్క బొట్టు నీళ్లు రాలేదు" అని ఆయన అన్నప్పుడు, అది ధైర్యం చెప్పే మాట కాదని వివరించాల్సి వచ్చింది.

లాగ్‌బుక్‌లో ఒక్క లైను

రెండు ట్యాంకుల్లో ఒకే పెట్రోలు. మరి కుడిదే ఎందుకు?

బోరోస్కోప్ (సన్నని గొట్టం చివర కెమెరా) పెట్టి చూశాం. ఎడమ ట్యాంకులో అతుకుల మీద ముదురు బూడిద రంగు సీలెంట్, పాలీసల్ఫైడ్ అనే రబ్బరులాంటి రకం, కట్టిన చోటే కట్టినట్టు ఉంది. కుడిదానిలో దాని పైన ఇంకో పూత, గోడ మొత్తం మీద. అడుగు భాగంలో ఆ పూత బొబ్బలెక్కి, వర్షానికి తడిసిన వాల్‌పోస్టర్‌లా అంచులు లేచి వేలాడుతోంది.

లాగ్‌బుక్ తెరిచాం. ఇప్పటి యజమాని కొనకముందు, చాలా ఏళ్ల క్రితం, కుడి ట్యాంకులో రివెట్ల దగ్గర చెమ్మ కారితే చేసిన పని ఒక్క లైనులో ఉంది: కుడి ట్యాంకు స్లాష్ చేయడమైనది. ఏ కాంపౌండో లేదు, ఎంత పోశారో లేదు. స్లాషింగ్ అంటే పలచటి సీలర్‌ను ట్యాంకులో పోసి, ట్యాంకును అటూ ఇటూ తిప్పి, లోపలంతా పూత పడేలా చేసి మిగిలింది వంపేయడం. లీకు ఎక్కడుందో వెతికి పాత సీలెంట్ గీకి కొత్తది కట్టడం కన్నా ఇది చాలా సులువు. అందుకే ఒకప్పుడు ప్రపంచమంతా చేశారు. వాటిలో పాత రకాలు కొన్ని ఆల్కహాల్‌కు తట్టుకోవు. ఎవ్‌గ్యాస్‌తో ఏళ్ల తరబడి మాట్లాడకుండా ఉంటాయి, ఇథనాల్ తగలగానే పొరలుగా ఊడతాయి.

ఆ లైను నేను అంతకుముందు యాన్యువల్ తనిఖీలో చదివాను. చదివి, సంతకం చేసి, పేజీ తిప్పాను. అప్పుడు నా దృష్టి అంతా ఇంజిన్ ఏ పెట్రోలుకు ఒప్పుకుంటుంది అన్నదాని మీదే. రోటాక్స్ ఒప్పుకుంటుంది కాబట్టి పెట్రోలు పర్వాలేదు అనుకున్నాను. ట్యాంకు ఒప్పుకుంటుందా అని అడగలేదు. నేను ఈ కేసు రాయడానికి అసలు కారణం ఈ ఒక్క ప్రశ్నే.

మూడు హార్లిక్స్ సీసాలు

అనుమానం బలంగా ఉన్నా నిర్ధారణ కావాలి. ట్యాంకు పైభాగంలో, ఇంధనం తక్కువగా తగిలే చోట పూత ఇంకా గట్టిగానే ఉంది. అక్కడి నుంచి గోరంత ముక్కలు మూడు తీశాను. పక్కనే పాత పాలీసల్ఫైడ్ ముక్కలు కూడా మూడు. మూడు గాజు సీసాలు కడిగి ఆరబెట్టాం. మొదటి దానిలో ఎవ్‌గ్యాస్. రెండో దానిలో విమానంలో ఉన్న బంకు పెట్రోలు. మూడో దానిలో అదే బంకు పెట్రోలు, కానీ మూడుసార్లు నీళ్లతో కడిగి ఇథనాల్ తీసేసినది. మూడోది ముఖ్యం. అది లేకపోతే పొరను చెడగొట్టింది ఇథనాలా, పెట్రోలులోని వేరే పదార్థాలా అన్నది తేలదు. అలా కడిగిన పెట్రోలు పరీక్షకే గానీ ఎగరడానికి పనికిరాదు. ఇథనాల్ పోతే దానితోపాటు ఆక్టేన్ కూడా తగ్గుతుంది, నీళ్ల చెమ్మ మిగులుతుంది.

హ్యాంగర్‌లో నాకు సాయం చేసే కుర్రాడు రోజూ పొద్దున్నే ఫోటో తీసి పంపేవాడు. మూడో రోజు "బాబాయ్ గారూ, రెండో సీసాలోది ముడుచుకుపోయిందండి" అని ఫోన్ చేశాడు. ఏడో రోజు నేను వెళ్లి చూశాను. ఎవ్‌గ్యాస్‌లో ముక్క వేసినప్పటిలాగే ఉంది, వంచితే పటుక్కున విరిగింది. కడిగిన పెట్రోలులోది కొంచెం మెత్తబడింది, వంగింది, కానీ వేలికి జిగురు అంటలేదు. రెండో సీసాను మెల్లగా తిప్పగానే ముక్క విడిపోయి పొరలు పొరలుగా తేలింది, గ్యాస్కొలేటర్‌లో చూసినవి అచ్చంగా అవే. పాలీసల్ఫైడ్ ముక్కలు మూడూ నిలిచాయి, బంకు పెట్రోలులో ఉన్నదాని మీద మాత్రం గోరు నొక్కితే గుర్తు పడింది. ఏడు రోజుల సీసా పరీక్ష ఏళ్ల వాడకానికి హామీ కాదు, అందుకే ఆ గోరు గుర్తును నేను తేలిగ్గా తీసుకోలేదు.

పెట్రోలు మీద అనవసరంగా నింద వేయకూడదు

ఈ కేసు విన్న ఒకాయన "అందుకే విమానానికి కారు పెట్రోలు పోయకూడదంటారు" అన్నాడు. నేను ఒప్పుకోను. అమెరికాలో ఈఏఏ అనే విమాన ఔత్సాహికుల సంఘం ఎన్నో గంటలు ఎగిరి చూసి, 1982లో సెస్నా 150కి కారు పెట్రోలు వాడే అధికారిక అనుమతి సాధించింది. తర్వాత పీటర్సన్ ఏవియేషన్ అనే సంస్థ మరెన్నో రకాలకు తెచ్చింది. వేల విమానాలు దశాబ్దాలుగా అలా ఎగిరాయి. కానీ ఆ అనుమతులన్నిటిలోనూ ఒక షరతు ఉంది: ఇథనాల్ ఉండకూడదు. ఆ షరతు వదిలేసి మిగతాది చెప్పుకుంటే కష్టం.

రోటాక్స్ 912 విషయంలో నా అభిప్రాయం ఇంకా గట్టిది. ఆ ఇంజిన్‌కు సీసం లేని మంచి పెట్రోలే హితం. ఎవ్‌గ్యాస్ 100ఎల్‌ఎల్‌లో 'ఎల్‌ఎల్' అంటే సీసం తక్కువ అని అర్థం, అయినా లీటరుకు 0.56 గ్రాముల దాకా ఉంటుంది. ఆ సీసం ఆయిల్‌లో బురదలా పేరుకుంటుంది. అందుకే ఎవ్‌గ్యాస్ వాడకం 30 శాతం దాటితే ఆయిల్ 25 గంటలకే మార్చమంటుంది రోటాక్స్. దొరకడం కూడా సులువు కాదు. 2022లో ఇండియన్ ఆయిల్ గుజరాత్ రిఫైనరీలో తయారీ మొదలుపెట్టాక కాస్త నయం, అంతకుముందు దిగుమతి మీదే ఆధారం. బ్యారెల్ తెప్పించుకోవాలి, దాచుకోవాలి. ఆయన బంకుకు వెళ్లింది పిసినారితనంతో కాదు.

బాగుచేయడం

ట్యాంకు స్క్రూలు విప్పి రెక్క నుంచి దింపాం. లోపల ఐదు అరలు. అడ్డుగోడల అవతలికి చెయ్యి పోదు. వెనక గోడకు అరచేయి పట్టే రంధ్రాలు కోసి, తర్వాత పలకలతో మూసే పద్ధతికి విమానం తయారీదారు డ్రాయింగ్ తెప్పించుకుని, కావాల్సిన అనుమతి తీసుకున్నాకే కోత పెట్టాం. ఇందుకే రెండు వారాలు పట్టింది.

పొర గీకడం అన్నిటికన్నా ఓపిక కావాల్సిన పని. ఇనుప ముక్క వాడితే అల్యూమినియం గీరుకుంటుంది, గీత పడ్డ చోట ఉప్పు గాలికి తుప్పు మొదలవుతుంది. ప్లాస్టిక్ పలకలు సాల్వెంట్‌కు మెత్తబడ్డాయి. చివరికి కుర్రాడు తోటలోంచి వెదురు తెచ్చి బద్దలు చెక్కాడు, కొన్ని చదునుగా, కొన్ని చివర వంకరగా. సాల్వెంట్ గుడ్డతో తడిపి, పది నిమిషాలు ఉంచి, బద్దతో తోస్తే పొర చుట్టలు చుట్టుకుంటూ వచ్చింది. రివెట్ తలల చుట్టూ మాత్రం ఒక్కో దానికి ఐదారు నిమిషాలు. మాస్కులు, చేతి తొడుగులు, రెండు వైపులా ఫ్యాన్లు, అరగంటకోసారి విరామం. నాలుగు రోజులు ఇద్దరం అదే పని. పొర కింద చూస్తే అసలు లీకు మూడంటే మూడు రివెట్ల దగ్గర. వాటిని సరిచేయడానికి ట్యాంకు మొత్తానికి పూత పూశారు.

కొత్త పాలీసల్ఫైడ్ రెండు భాగాలది, బరువులో 10కి 1 కలపాలి. వంటకాటా పనికిరాదు, ఊళ్లో కంసాలి గారిని అడిగి ఆయన కాటా తెచ్చుకున్నాం. డబ్బా మీద పని చేసుకునే సమయం 2 గంటలని ఉంటుంది, కానీ అది 25 డిగ్రీలు, 50 శాతం తేమ లెక్క. మా పని జులైలో. వేడి, తేమ రెండూ పాలీసల్ఫైడ్‌ను తొందరపెడతాయి. మొదటి రోజు పది గంటలకు కలిపితే ముప్పావు గంటకే తీగలు సాగి చేతికి రాలేదు, ఆ ముద్ద పారేశాం. మర్నాటి నుంచి తెల్లవారుజామున నాలుగింటికి, కొంచెం కొంచెంగా కలిపి, గిన్నెను ఐసు పళ్లెంలో పెట్టుకుని పూశాం. ఐసు మీది చెమ్మ సీలెంట్‌లో పడకుండా గిన్నెకు పైన అంచుదాకా కవరు కట్టాం.

ఆరాక లీకు పరీక్ష. ట్యాంకుకు పారదర్శకమైన పైపు యూ ఆకారంలో బిగించి, నీళ్లు పోసి, 28 అంగుళాల తేడా వచ్చేదాకా గాలి నింపాం. అది సుమారు 1 పీఎస్‌ఐ. అంతకు మించి నింపితే ట్యాంకు ఉబ్బుతుంది. ఎండ పొడ తగిలితే లోపలి గాలి వ్యాకోచించి మట్టం పైకిపోతుంది, మబ్బు పడితే దిగుతుంది, లీకు ఉన్నదీ లేనిదీ తెలియదు. ఇదీ తెల్లవారుజాము పనే. ఆరు గంటల వరకు నీటిమట్టం కదల్లేదు. అతుకులన్నిటికీ సబ్బు నీళ్లు పూసి టార్చ్ వేసి చూశాం, ఒక్క బుడగ లేదు.

మిగతాది త్వరగా అయింది. ఇంధనం తగిలే రబ్బరు పైపులన్నీ మార్చాం. పంపు మార్చాం. కార్బురేటర్లు విప్పి ఫ్లోట్లు తీశాం. ఒక కార్బురేటర్‌లో ఉండే రెండు ఫ్లోట్లూ కలిపి 7 గ్రాములు దాటకూడదు, దాటాయంటే పెట్రోలు పీల్చి మునుగుతున్నాయని. అదే కంసాలి కాటా మీద ఒక జత 7.6 తూగింది. ఆ జత మార్చాం, రెండోది 6.8, అది ఉంచాం.

ఇప్పుడు ఏం పోస్తున్నారు

ఎవ్‌గ్యాస్. రెండు బ్యారెళ్లు అనుమతి ఉన్న చోట ఉంచి, కావాల్సినంత తెచ్చుకుంటున్నారు. ఆయిల్ 25 గంటలకు మారుస్తున్నాం. ఖర్చు పెరిగింది, ఆయన మారు మాట్లాడలేదు. లైసెన్సు లేకుండా ఎవరైనా దగ్గర పెట్టుకోగల పెట్రోలు మొత్తం 30 లీటర్లు, అదీ ఒక్కో లోహపు పాత్రలో 25 మించకూడదు. హ్యాంగర్‌లో అంతకు మించి క్యాన్లు పేర్చి ఉంటే నేను పని మొదలుపెట్టను, ఇది అందరికీ ముందే చెబుతాను.

కొలజాడీ మాత్రం హ్యాంగర్‌లోనే ఉంచారు. ఎవ్‌గ్యాస్ అయినా సరే, కొత్త బ్యారెల్ తెరిచిన ప్రతిసారీ నీళ్ల పరీక్ష చేసి అంకె గోడ మీద పలకలో రాస్తున్నారు. ఇప్పటిదాకా అన్నీ 10 దగ్గరే ఉన్నాయి.

మరమ్మతు తర్వాత విమానం 46 గంటలు ఎగిరింది. మొదటి 10 గంటల్లో ప్రతి రెండు గంటలకూ గిన్నె విప్పాను, తర్వాత పదికోసారి. రెండో గంట దగ్గర గోధుమ రంగు నలుసు ఒకటి దొరికింది, పైపు మలుపులో మిగిలినదై ఉంటుంది. ఆ తర్వాత ఏమీ లేదు. ఎక్కేటప్పుడు ప్రెషర్ రెండు ట్యాంకుల మీదా 0.28, 0.3 మధ్య ఉంటోంది.

ఎడమ ట్యాంకు ఇంకా పాత సీలెంట్‌తోనే ఉంది. అదీ ఆ పెట్రోలు తాగినదే. వచ్చే యాన్యువల్‌లో ముందుగా దానినే దింపాలని రాసిపెట్టాను. లాగ్‌బుక్‌లో ఈసారి ఒక్క లైను రాయలేదు. ఏ సీలెంట్, ఏ బ్యాచ్, ఏ తేదీన ఎంత వేడిలో ఎంత తేమలో కలిపాం, ఏ రివెట్లు, కోసిన రంధ్రాల కొలతలు, లీకు పరీక్ష అంకెలు, లోపల స్లాషింగ్ పూత మిగలలేదన్న మాట, ఇథనాల్ ఉన్న ఇంధనం ఈ ట్యాంకుల్లో పోయకూడదన్న మాట, అన్నీ కలిపి రెండు పేజీలు వచ్చాయి. రెండో సీసాలోని పొరల ఫోటో ఒకటి ప్రింటు తీయించి ఆ పేజీలోనే అంటించాను.